సొంతంగా కట్టుకున్న విమానంలో ఇంజన్ వేడి తగ్గించుకోవడం: గాలి దారిని సరిచేసే పద్ధతి

అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో కట్టే విమానాల్లో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి ఆర్‌వీ కిట్లది పెద్ద వాటా. వాటిలో చాలావాటి ముక్కులో ఉండేది లైకమింగ్ వారి నాలుగు సిలిండర్ల ఇంజన్; దానికి రేడియేటరు లేదు, గాలే దాన్ని చల్లబరచాలి. నా ఆర్‌వీ-7లో ఉన్నదీ అదే, 180 హార్స్‌పవర్ ఓ-360. టెక్సస్ వేసవిలో పైకి ఎక్కేటప్పుడు మూడో సిలిండర్ 430 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే చాలా రోజులు ఎండను తిట్టుకున్నాను. లోపం నా చేతిపనిలోనే ఉందని తరువాత తెలిసింది. ఆ పని ఎలా సరిచేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా లెక్కలు. ఈ ఇంజన్‌కు సిలిండర్ తల వేడి 500 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్ దాటకూడదు. అది గడప మాత్రమే, కాపురం ఉండవలసిన చోటు కాదు. ఎక్కువ కాలం మన్నాలంటే నిలకడగా నడిచేటప్పుడు 400 లోపు ఉంచమని లైకమింగ్ సలహా. తల అల్యూమినియం పోత కాబట్టి వేడి పెరిగేకొద్దీ దాని బలం తగ్గుతుంది. అందుకే పైకి ఎక్కేటప్పుడు కొన్ని నిమిషాలు 420 చూసినా కంగారు పడను గాని, సమతలంలో ఎగిరేటప్పుడు 400 దాటితే ఊరుకోను.

గాలిని మళ్లించే రేకులు కత్తిరించే ముందు ఇంజన్ నిజంగానే ఎక్కువ వేడి పుట్టిస్తోందేమో చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ఇంజన్ పేరుపలకపై రాసినదానికంటే ముందుకు జరిగినా, పూర్తి థ్రాటిల్‌లో ఇంధనం తక్కువగా అందుతున్నా ఎంత గాలి పంపినా ఫలితం ఉండదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నవారు అది ఆ సమయాన్ని ఎంత ముందుకు జరుపుతోందో తప్పక చూడాలి. కొత్త సిలిండర్లు పిస్టన్ రింగులు కుదురుకునేదాకా ఎక్కువ వేడెక్కడం సహజం. ఒక్క సిలిండర్ మాత్రమే వేడి చూపిస్తుంటే దాని ప్రోబ్‌ను (వేడి కొలిచే సాధనాన్ని) పక్కదానితో మార్చి చూడండి. వేడి ప్రోబ్‌తో పాటు పక్క సిలిండర్‌కు వెళితే తప్పు ప్రోబ్‌ది. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా పెట్టే ప్రోబ్, తలలోకి దిగే ప్రోబ్ ఒకే అంకె చూపవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక గాలి సంగతి. ప్రొపెల్లర్ వెనుక ఉన్న రెండు రంధ్రాల గుండా లోపలికి వచ్చిన గాలి ఇంజన్‌కు పైన ఉన్న గదిలో ఒత్తిడిగా నిలుస్తుంది. అక్కడి నుంచి సిలిండర్ల ఫిన్ల (వేడిని వదిలే పలుచని రెక్కల) మధ్యగా కిందికి దిగి, కింది గదిలోకి చేరి, కౌలింగ్ (ఇంజన్‌ను కప్పే మూత) అడుగున ఉన్న దారిగుండా వెనక్కి వెళ్లిపోతుంది. పై గదిని చెరువు అనుకుంటే చుట్టూ అడ్డుకట్టగా ఉన్న బాఫిల్ రేకులు, వాటి అంచున కౌలింగ్‌కు ఆనే రబ్బరు సీల్ గట్టు, ఫిన్ల సందులు మనకు కావలసిన కాలువలు. గట్టుకు గండి ఉంటే నీరు కాలువకు ఎక్కదు. చాలామంది మొదట చేసే తప్పు ముందు రంధ్రాలను పెద్దవి చేయడం. గండి పూడ్చకుండా చెరువులోకి ఇంకో వాగు మళ్లించడం లాంటిదది. పైగా అదనంగా వచ్చిన గాలి లోపల దారి లేక రంధ్రాల అంచుల మీదుగా పొర్లిపోయి డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) మాత్రం పెంచుతుంది.

ఈ చెరువులో నీటిమట్టం మనం అనుకున్నంత ఉండదు. సముద్రమట్టం దగ్గర 100 నాట్ల వేగంతో వచ్చే గాలిని పూర్తిగా ఆపినా దాని ఒత్తిడి నీటి కొలతలో (ఎంత ఎత్తు నీటిని నిలపగలదో ఆ లెక్కన) 6.5 అంగుళాలే, 160 నాట్లకు అది దాదాపు 16.7 అంగుళాలు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, ఇంజన్ శక్తి ఎక్కువ కనుక ఇబ్బంది అప్పుడే బయటపడుతుంది. ఆ ఆరున్నర అంగుళాల్లో ఒకటి రెండు సందుల పాలైతే మిగిలేదెంత? ఇంకో లెక్క చూడండి. రబ్బరు సీల్‌కూ కౌలింగ్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు 60 సెంటీమీటర్ల పొడవున ఉందంటే అది 18 చదరపు సెంటీమీటర్ల చిల్లు, అంటే క్యాబిన్ హీటర్‌కు గాలి తీసుకెళ్లే రెండంగుళాల గొట్టంతో ఇంచుమించు సమానం. అంత గొట్టాన్ని ఊరికే తెరిచి వదిలేయమంటే ఎవరూ ఒప్పుకోరు. సన్నటి సందును మాత్రం అందరం వదిలేస్తాం.

గండ్లు వెతకడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. చీకటి పడ్డాక, ఇంజన్ పూర్తిగా చల్లారాక, హ్యాంగర్ దీపాలన్నీ ఆర్పేసి, వేడెక్కని ఎల్‌ఈడీ దీపం ఒకటి కింది గదిలో పెట్టి కౌలింగ్ బిగించండి. ముందు రంధ్రాల్లోంచి, ఆయిల్ తలుపులోంచి లోపలికి తొంగి చూడండి. ఫిన్ల మధ్య వెలుగు కనబడటం న్యాయమే. రేకుల మూలల్లో, సీల్ వెంబడి, క్రాంక్‌కేస్ పక్కన కనబడిన ప్రతి వెలుగు గీతా ఒక గండి. మొదటిసారి చూసిన రాత్రి నా విమానం ముక్కులో నక్షత్రాలు పరిచినట్టుంది. వెనుక కుడి మూలలో రెండు రబ్బరు ముక్కలు కలిసే చోట చిటికెన వేలు దూరేంత ఖాళీ కనిపించింది. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది మూడో సిలిండరే.

పగటిపూట చూడవలసిన గుర్తు వేరే. కొన్ని గంటలు ఎగిరిన తరువాత పై కౌలింగ్‌ను తిరగేసి చూస్తే రబ్బరు ఆనుకున్న చోటల్లా నల్లటి చార పడి ఉంటుంది. ఆ చార ఎక్కడ తెగిందో అక్కడ సీల్ ఆనడం లేదని అర్థం. సీల్ అంచు ఎప్పుడూ పై గది లోపలివైపుకు, అంటే ఒత్తిడి ఉన్న వైపుకు వంగి ఉండాలి. అప్పుడు గాలే దాన్ని కౌలింగ్‌కు అదిమి పెడుతుంది. బయటికి వంగితే అదే గాలి దాన్ని తెరుచుకుని పోతుంది. మూలల్లో పొడవాటి ఒకే ముక్క పెడితే ముడతలు పడి చెవుల్లా లేస్తుంది కాబట్టి, చిన్న ముక్కలుగా కత్తిరించి ఒకదానిమీద ఒకటి ఎక్కేలా బిగించండి. రేకు అంచును మాత్రం కౌలింగ్‌కు తగిలేంత దగ్గరగా ఉంచకూడదు. ఇంజన్ రబ్బరు మౌంట్లమీద ఊగుతుంది, ముఖ్యంగా ఆపేటప్పుడు బాగా కుదుపుతుంది. అందుకే సుమారు అర అంగుళం వదలాలి. రేకులకూ క్రాంక్‌కేస్‌కూ మధ్య ఉన్న సందులను, రివెట్ల పక్క చిల్లులను వేడిని తట్టుకునే ఎర్ర ఆర్‌టీవీ సిలికాన్ జిగురుతో పూడ్చండి. అంతకుముందు అక్కడి నూనెను సాల్వెంట్‌తో పూర్తిగా తుడవకపోతే ఆ సిలికాన్ నెలలోపే పొరలా ఊడి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పూడ్చే ఉత్సాహంలో ఫిన్ల మధ్య దారిని కూడా పూడ్చేవారున్నారు. ఈ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లూ ఒకే మూసలోవి. ఎడమ వరుసలోవి కుడివాటికి ఎదురు తిప్పి బిగించినవి. తలకు ఒక వైపున ఫిన్ల లోతు బాగా తక్కువ. ఆ వైపు రెండో సిలిండర్‌కు ముందువైపున, మూడోదానికి వెనుకవైపున వస్తుంది. ఆ రెండు చోట్లా బాఫిల్ రేకు ఫిన్లకు అతుక్కుని ఉంటే గాలి కిందికి దిగే దారి దాదాపు ఉండదు. రేకుకూ తలకూ మధ్య మందపాటి వాషర్ ఒకటి పెట్టి కొద్దిగా ఎడం చేయడం, లేదా రేకును డొల్లగా వంచి చిన్న కాలువ కట్టడం దీనికి మందు. నాకు వాషర్‌తోనే తేడా తెలిసింది. ఫిన్ల మధ్య పోతపోసినప్పుడు మిగిలిన పొరలు ఉంటే సన్నటి ఆకురాయితో తీసేయవచ్చు. పొడి ఇంజన్ లోపలికి పోకుండా ప్లగ్ రంధ్రాలను, ఇన్‌టేక్ దారులను ముందే మూసి ఉంచాలి.

సిలిండర్ల కింద చుట్టి ఉండే చిన్న రేకులను తేలిగ్గా చూడవద్దు. అవి గాలిని ఫిన్లను ఒరుసుకుంటూ అడుగుదాకా తీసుకెళ్లడానికి ఉన్నవి. వదులైతే గాలి పైభాగాన్ని తాకి తప్పుకుపోతుంది. ఒకటి, రెండు సిలిండర్ల ముందు నిలబెట్టే అడ్డు రేకులు మాత్రం ముందు వెనుక సిలిండర్ల మధ్య పంపకానికి పనికొస్తాయి. ముందువి వేడిగా, వెనుకవి చల్లగా ఉంటే ఆ అడ్డును కొద్దికొద్దిగా కోస్తూ, కోసిన ప్రతిసారీ ఎగిరి చూడాలి. కోసినదాన్ని మళ్లీ అతికించడం కష్టం.

పని ఫలించిందో లేదో ఊహించనక్కరలేదు. పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (రెండు గొట్టాల ఒత్తిడి తేడాను బట్టి వేగం చూపే మీటరు) ఒకటి దొరికితే దాని పిటాట్ గొట్టాన్ని పై గదికి, స్టాటిక్ గొట్టాన్ని కింది గదికి కలపండి. గాలి నేరుగా కొట్టకుండా గొట్టం కొసను మూసి, పక్కన సన్నటి చిల్లులు పెట్టండి. సూది 90 నాట్లు చూపితే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా దాదాపు 5.3 అంగుళాల నీరు, 80 చూపితే 4.2. సీల్స్ మార్చకముందు, మార్చిన తరువాత ఒకే వేగంతో, ఒకే ఎత్తులో చదవండి. బయటి గాలి పది డిగ్రీలు వేడెక్కితే సిలిండర్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది కనుక ఉదయపు అంకెను మధ్యాహ్నపు అంకెతో పోల్చి సంబరపడకండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి.

సందులన్నీ మూసినా ఆ ఒత్తిడి తేడా తక్కువగానే ఉంటే, అప్పుడు తూము వైపు, అంటే గాలి బయటికి పోయే దారి వైపు చూడాలి. 30 డిగ్రీల సెల్సియస్‌తో లోపలికి వచ్చిన గాలి 95తో బయటికి వెళితే దాని పరిమాణం అయిదో వంతు పెరుగుతుంది. బయటికి వెళ్లే దారిలో ఎగ్జాస్ట్ గొట్టాలు ఎంత చోటు తినేశాయో కొలవండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) కింది అంచు పదునుగా ఉంటే గుండ్రటి వంపు రేకు ఒకటి బిగించండి. అదీ చాలకపోతే అడుగున లూవర్లు (గాలి పోయే చీలికలు) పెట్టవచ్చు, కాని వాటి ధర వేగంలో చెల్లించాలి. అందుకే దాన్ని చివరి మెట్టుగా ఉంచుతాను.

మార్పు తరువాత మొదటిసారి ఎగిరేటప్పుడు ఒంటరిగా, రన్‌వేకు పైనే ఆకాశంలో వలయాలు తిరుగుతూ చూసుకోండి. చేసిన పని లాగ్‌బుక్‌లో రాయండి. అది పెద్ద మార్పు లెక్కలోకి వచ్చేదైతే మీ విమానపు ఆపరేటింగ్ లిమిటేషన్లలో (ఎగిరేందుకు పెట్టిన షరతుల పత్రంలో) చెప్పిన పరీక్షా గంటలు మళ్లీ పూర్తిచేయాలి.

ఇంతా చేశాక చలికాలంలో కథ అడ్డం తిరుగుతుంది. ఆయిల్ 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి రాకపోతే అందులో చేరిన తేమ ఆవిరైపోదు. డిసెంబరులో నా ఆయిల్ 160 దగ్గరే ఆగిపోయింది. ఆయిల్ కూలర్ ముఖానికి సగం కప్పే అల్యూమినియం రేకు ఒకటి చేసి, రెండు స్క్రూలతో బిగించాను. ఎండలు మొదలయ్యాక తీసేయడం మరచిపోకుండా దాని మీద ‘మార్చి’ అని మార్కర్‌తో రాసి పెట్టాను.