బ్యాలెన్స్ బోర్డు మీద కాలు జారుతోందా?

బ్యాలెన్స్ బోర్డు అంటే దొర్లే రోలర్ మీద పెట్టి, పైన నిలబడి ఊగే చెక్క పలక. ముందు ఏది జారుతోందో తేల్చుకోండి. పాదం బోర్డు మీద జారడం వేరు, బోర్డు రోలర్ మీద జారడం వేరు, రోలర్ నేల మీద జారడం వేరు. రోలర్ చివరన సుద్దతో ఒక గీత గీసి, గోడ పట్టుకుని నెమ్మదిగా ఊగండి. బోర్డు పక్కకు వెళ్తున్నా గీత కదలకపోతే బోర్డే రోలర్ మీద జారుతోంది. గీత తిరుగుతున్నా రోలర్ ఉన్నచోటే ఉంటే జారుడు నేల దగ్గర. ఈ రెండిటికీ బోర్డు పైన ఎన్ని వార్నిష్ కోట్లు వేసినా లాభం లేదు.

సాక్సులతోనో చెమట పాదాలతోనో నిలబడితే జారుతుంది

కారణం దాదాపు ఎప్పుడూ మెరుపు వార్నిషే. నాలుగు కోట్లు పడ్డాక చెక్క గరుకంతా పూడిపోయి అద్దంలా అవుతుంది. 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, పాలియురెథేన్ వార్నిష్ ఒక పలుచని కోటు వేయండి. అది తడిగా ఉండగానే పొడి సన్న ఇసుకను టీ జల్లెడతో సమంగా చల్లండి. ఆరాక అంటుకోని రేణువులను దులిపేసి, పైన ఒక్క కోటు వేయండి. ఇంకా వేస్తూ పోతే ఇసుక మునిగిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇసుకను డబ్బాలోనే కలిపేద్దామనిపిస్తుంది, నేనూ అలాగే చేశాను. అదంతా అడుగున చేరింది, బోర్డు సగం గరుకు, సగం నునుపు.

మైనం పాలిష్ పెట్టి ఉంటే మాత్రం రుద్దే ముందే టర్పెంటైన్‌తో తుడవాలి. లేకపోతే కొత్త కోటు పట్టదు.

పట్టు బాగుంది, కానీ పాదాలు మండుతున్నాయి

స్కేట్‌బోర్డు గ్రిప్ టేప్ (జారకుండా పైన అతికించేది) బూట్ల కోసం చేసింది, పనితీరులో అదీ గరుకు కాగితమే. ఉత్త పాదాలతో ఆడేవాళ్లకు నా ఓటు కార్క్ షీటుకే. కాంటాక్ట్ జిగురును రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక అతికించండి. ఒకసారి తగిలిందంటే సర్దడం కుదరదు, గురి చూసి పెట్టండి.

టేప్ అంచులు లేస్తున్నాయి

వార్నిష్ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల గట్టిపడటానికి మాత్రం రోజులు పడుతుంది. టేప్ అతికించే ముందు కనీసం వారం ఆగండి. చెక్కకు అవిసె నూనె పట్టించి ఉంటే జిగురు నిలవదు. ఉత్త చెక్క కనిపించేదాకా రుద్ది, వార్నిష్ వేసి మొదలుపెట్టాలి. (ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే నిప్పు అంటుకోగలవు. విప్పి ఆరబెట్టండి.) బోర్డు అంచును గుండ్రంగా రుద్ది, టేప్‌ను అంచుకు కాస్త లోపలే కత్తిరించండి.

జారేది కిందే అయితే

రోలర్‌కు పాత సైకిల్ ట్యూబు బిగుతుగా తొడగండి, కింద రబ్బరు చాప వేయండి. బోర్డు అడుగున ఇసుక పూత మాత్రం వద్దు. అది రోలర్‌ను అరగదీస్తుంది.