ముందు నివాసం, తర్వాతే అప్పు: కొత్తగా ఉద్యోగంలో చేరే విజయనగరం, శ్రీకాకుళం యువతకు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి మొదటి ఉద్యోగానికి బయలుదేరే యువతీయువకులు ఎక్కడ ఉండాలి, పనికి ఎలా వెళ్లిరావాలి, అందుకు కావలసిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్న మూడు నిర్ణయాలను తరచుగా ఒకే నెలలో తీసుకోవలసి వస్తుంది. వీటిని ఏ వరుసలో తీసుకున్నారన్నదాని మీదే తర్వాతి రెండు మూడేళ్ల ఆర్థిక స్థితి చాలావరకు ఆధారపడి ఉంటుంది. ముందుగా బండి, ఫోను వాయిదాల మీద కొనేసి, మిగిలిన జీతంతో గది వెతుక్కునేవారికి పనికి దగ్గరలో ఉండే వీలు పోతుంది. నివాసాన్ని ముందు తేల్చుకున్నవారికి మాత్రం తాము ఎంత అప్పు మోయగలరో స్పష్టంగా తెలుస్తుంది, చాలా సందర్భాల్లో ఆ అప్పు అవసరమే ఉండదు. అందువల్ల ఇంటి నుంచే మొదలుపెడదాం.

పనిచేసే చోటు ఎటువైపు ఉంది?

ఉద్యోగం విశాఖపట్నంలో అని తెలిసినంత మాత్రాన నివాసం నిర్ణయించడం సాధ్యం కాదు. మధురవాడ, రుషికొండ వైపు పని దొరికితే విజయనగరం నుంచి తగరపువలస, ఆనందపురం మీదుగా వెళ్లే బస్సు నగరంలోకి ప్రవేశించకముందే మిమ్మల్ని దించుతుంది కాబట్టి ఇంటి నుంచి రోజూ వెళ్లిరావడం కష్టమైనా సాధ్యమే. దువ్వాడ, పరవాడ, అచ్యుతాపురం వైపు పని అయితే నగరాన్ని దాటి ఆవలికి పోవాలి కాబట్టి అదే ప్రయాణం ఎంతో భారమవుతుంది. రైలు మార్గంలో విజయనగరం నుంచి విశాఖపట్నానికి సుమారు 60 కిలోమీటర్లు, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను నుంచి అంతకు రెట్టింపు పైమాటే. రైల్వే సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు కనుక రెండు చోట్ల నుంచీ అది దొరుకుతుంది. అయితే టికెట్టు చవకగా ఉందన్న ఒక్క కారణంతో శ్రీకాకుళం నుంచి రోజూ తిరగడానికి సిద్ధపడవద్దని నా సలహా, ఎందుకంటే ఆ అలసట కొన్ని నెలల్లోనే ఉద్యోగాన్ని వదులుకునే స్థితికి తెస్తుంది.

పైడిభీమవరం పరిశ్రమల్లో చేరేవారి లెక్క వేరు. అది జాతీయ రహదారి మీద శ్రీకాకుళానికీ విశాఖపట్నానికీ మధ్యన ఉంది కాబట్టి, కంపెనీ బస్సు ఏయే ఊళ్ల మీదుగా, ఏ వేళకు తిరుగుతుందో, మూడు షిఫ్టులకూ నడుస్తుందో లేక జనరల్ షిఫ్టుకే పరిమితమో నియామక పత్రం అందుకున్న రోజే అడిగి తెలుసుకోవాలి. బస్సు ఆగే చోటికి నడిచి చేరగలిగే ఇల్లు దొరికితే బండి కొనవలసిన అవసరం కనీసం మొదటి ఏడాది రాదు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే అమ్మాయిలు బస్సు దిగే చోటి నుంచి గది వరకు ఉన్న దారిని, అక్కడి వీధి దీపాలను స్వయంగా రాత్రివేళ చూసిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. చేతికి వచ్చే జీతం 22,000 రూపాయలు అనుకుందాం. ఇంటి నుంచే తిరిగితే సీజన్ టికెట్టుకు, ఆటోలకు కలిపి 2,500, మధ్యాహ్న భోజనానికి 1,500, ఇంటి ఖర్చుకు 5,000 ఇచ్చినా 13,000 మిగులుతాయి. విశాఖపట్నంలో మరో ఇద్దరితో కలిసి గది తీసుకుంటే అద్దె వాటా 4,000, భోజనానికి 5,000, కరెంటు, నీళ్లు, సిటీ బస్సులు, నెలకు రెండుసార్లు ఇంటికి రాకపోకలు కలిపి 2,500, ఇంటికి పంపేది 4,000 పోగా 6,500 మిగులుతాయి. ఈ అంకెల స్థానంలో మీ అంకెలు వేసుకోండి. మిగిలిన మొత్తంలో సగానికి మించి ఏ వాయిదాకూ మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మిగతా సగమే జ్వరం వచ్చినప్పుడూ, జీతం ఆలస్యమైనప్పుడూ, ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడూ మిమ్మల్ని కాపాడుతుంది. రోజుకు నాలుగు గంటలు ప్రయాణానికి పోతే ఆ సమయానికి కూడా విలువ కట్టాలి. బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో చదువుకుంటున్నవారు పనికి దగ్గరలో గది తీసుకుని ఎక్కువ ఖర్చు చేయడమే సరైనది కావచ్చు.

అడ్వాన్సు కోసం చేసే మొదటి అప్పు

మన యువత చేసే మొదటి అప్పు చాలాసార్లు గది అడ్వాన్సు కోసమే. రెండు నెలల అద్దె ముందుగా కట్టాలి, పరుపు, ఫ్యాను, గ్యాసు పొయ్యి కొనాలి, మొదటి జీతం మాత్రం నెల గడిచాకే వస్తుంది. ఈ ఖాళీలోకే అప్పుల యాప్‌లు ప్రవేశిస్తాయి. దీనికి మంచి పరిష్కారం మొదటి రెండు మూడు నెలలు భోజనంతో కూడిన హాస్టల్లో ఉండటం. హాస్టలు గదిలాగా స్వేచ్ఛగా ఉండకపోవచ్చు గానీ, ఉద్యోగం కుదురుకుంటుందో లేదో తెలియని రోజుల్లో 11 నెలల ఒప్పందానికి కట్టుబడకుండా ఉండటం పెద్ద లాభం.

ఇంట్లో సాయం అడిగేటప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. అమ్మ డ్వాక్రా సంఘం ద్వారా తెచ్చిన అప్పును మీ అడ్వాన్సుకు వాడి వాయిదా తప్పితే, ఇబ్బంది పడేది ఆమె ఒక్కతే కాదు, ఆమెను నమ్మిన సంఘంలోని మిగతా సభ్యులు కూడా. ఆ వాయిదా తేదీ మీ జీతం తేదీకి తర్వాత ఉందా, ముందుందా అన్నది మీరే చూసుకుని, డబ్బు నేరుగా అమ్మ ఖాతాకు వెళ్లే ఏర్పాటు చేయండి.

గది ఒప్పందాన్ని కాగితం మీద రాయించుకోవడానికి మొహమాటపడవద్దు. ఎక్కువమంది 11 నెలలకే ఒప్పందం రాసుకుంటారు. అందులో ఖాళీ చేసిన ఎన్నాళ్లకు అడ్వాన్సు తిరిగి ఇస్తారో, రంగులకూ మరమ్మతులకూ ఎంత తగ్గించుకుంటారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో, చేరిన రోజున కరెంటు మీటరు రీడింగు ఎంతో తప్పక ఉండాలి. ముగ్గురు ఉండే గదికి ఒక్కరే సంతకం చేస్తే మిగతా ఇద్దరు వెళ్లిపోయినప్పుడు మొత్తం అద్దెకు ఆ ఒక్కరే జవాబు చెప్పాలి కాబట్టి ముగ్గురూ సంతకం చేయడం ధర్మం. సమయానికి అద్దె కట్టినందుకు సాధారణంగా మీ క్రెడిట్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి ఇచ్చే అంకె) పెరగదు, అయితే అద్దె కట్టడానికి చేసిన అప్పు ఆలస్యమైతే మాత్రం స్కోరు పడిపోతుంది.

వడ్డీని మన ఊరి లెక్కలోకి మార్చుకోండి

మన పెద్దలు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానంటే ఇంట్లో తప్పక మందలిస్తారు. అయినా క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు 3 నుంచి 3.75 శాతం వరకు వసూలు చేస్తున్నాయన్న సంగతి అదే ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. 20,000 రూపాయల బాకీ ఉన్నప్పుడు బిల్లులో కనిపించే కనీస చెల్లింపు 1,000 రూపాయలు మాత్రమే కట్టారనుకోండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 700, దాని మీద 18 శాతం జీఎస్టీ 126 రూపాయలు పోగా అసలులో తగ్గేది 174 రూపాయలే. పైగా బాకీ మిగిల్చిన నెల నుంచి కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి బిల్లు మొత్తం కట్టగలిగిన నెలల్లోనే కార్డు వాడాలన్న నియమాన్ని పెట్టుకోండి.

బండి అప్పులో ఇంకో లెక్క దాగి ఉంటుంది. లక్ష రూపాయలకు 10 శాతం ఫ్లాట్ వడ్డీతో మూడేళ్లు అంటే వడ్డీ 30,000, నెలసరి వాయిదా సుమారు 3,611 రూపాయలు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీని మాత్రం చివరి వరకు పూర్తి లక్ష మీదే వేస్తున్నారు కాబట్టి, తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది ఏడాదికి దాదాపు 18 శాతం అవుతుంది. షోరూములో వాయిదా ఎంత అని కాకుండా, వార్షిక వడ్డీ శాతం ఎంత, మొత్తం తిరిగి కట్టేది ఎంత అని అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ వివరాలున్న ముఖ్య వివరాల పత్రాన్ని రుణదాత సంతకానికి ముందే మీకు ఇవ్వాలి.

యాప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 10,000 మంజూరు చేసి, రుసుముల పేరిట 1,500 కోసుకుని 8,500 చేతికిచ్చి, నెల తిరగగానే 10,000 కట్టమంటే అది నూటికి పదిహేడు రూపాయలకు పైబడిన వడ్డీ. గుర్తింపు ఉన్న బ్యాంకో ఆర్థిక సంస్థో నడిపే యాప్ అయితే డబ్బు ఆ సంస్థ నుంచి నేరుగా మీ ఖాతాకు రావాలి, మీ ఫోనులోని పేర్ల జాబితాను, కాల్ వివరాలను అది తీసుకోకూడదు. రిజర్వు బ్యాంకు 2025 నుంచి తన వెబ్‌సైటులో అటువంటి యాప్‌ల జాబితాను ఉంచుతోంది కాబట్టి అక్కడ పేరు చూడకుండా ముందుకు వెళ్లవద్దు. ఇప్పటికే ఉచ్చులో పడి, ఫొటోలు మార్చి పంపుతామనే బెదిరింపులు ఎదుర్కొంటున్నవారు దాన్ని మనసులో దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి, 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయండి. పరువు పోతుందన్న భయమే ఆ ముఠాల పెట్టుబడి.

స్కోరు, సంతకం, చదువు అప్పు

సిబిల్ అనే క్రెడిట్ సమాచార సంస్థ ఇచ్చే స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు సాధారణంగా సానుకూలంగా చూస్తాయి. ఇంతవరకు ఏ అప్పూ లేనివారు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని, పరిమితిలో మూడో వంతు లోపే వాడి, ప్రతి నెలా పూర్తిగా కట్టడం చరిత్రను నిర్మించుకునే సురక్షితమైన పద్ధతి. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని అప్పు కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కోరే హక్కు మీకుంది.

హామీ సంతకం గురించి కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారుని బాధ్యత అప్పు తీసుకున్నవాని బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు అతన్నే అడగాలన్న నియమం లేదు. మేనమామ కొడుకైనా గదిలోని స్నేహితుడైనా, అతను కట్టకపోతే మీ జీతంలోంచి కట్టడానికి మీరు మనసారా సిద్ధమైతేనే సంతకం చేయండి. స్నేహితుడి ఫోను మీ పేరున వాయిదాల్లో కొనడం హామీ కూడా కాదు, అది నేరుగా మీ అప్పే.

చదువు కోసం తీసుకున్న అప్పులో సాధారణంగా తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా ఉంటారు. వాయిదా తప్పితే వారి నివేదికలోనూ నమోదవుతుంది, రేపు వారు ఇంటికోసమో చెల్లెలి చదువుకోసమో అప్పు అడిగినప్పుడు అది అడ్డుపడుతుంది. కాబట్టి ఉద్యోగం రాగానే గదికంటే, బండికంటే ముందు ఆ బ్యాంకు శాఖకు వెళ్లి వాయిదాలు ఏ తేదీ నుంచి మొదలవుతాయో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఉద్యోగం దొరకకపోతే కూడా వెళ్లండి, ముందుగా వచ్చి గడువు అడిగినవారికి ఉన్న దారులు తప్పించుకు తిరిగినవారికి ఉండవు.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి స్థలాలు అమ్మేవారు యువ ఉద్యోగులను కూడా వెతుక్కుంటూ వస్తున్నారు. పర్సనల్ లోనుతో బయానా కట్టమని ఎవరు చెప్పినా వినవద్దు. లేఅవుటుకు అనుమతి ఉందా, ఈసీలో (స్థలం మీద ఉన్న లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) ఏముంది అన్నవి న్యాయవాది చేత చూపించకుండా డబ్బు ఇచ్చేంత తొందర ఏ స్థలానికీ అవసరం లేదు.

ఊరు మారినప్పుడు

ఉద్యోగం మారి హైదరాబాదుకో చెన్నైకో వెళ్లినప్పుడు కొత్త కంపెనీ కొత్త జీతం ఖాతా తెరుస్తుంది, పాత ఖాతాలో డబ్బు నిలిచిపోతుంది, వాయిదాలు మాత్రం పాత ఖాతా నుంచే కోతకు వస్తాయి. ఖాతాలో డబ్బు లేక ఆ కోత తిరిగిపోతే ఖాతా ఉన్న బ్యాంకూ, అప్పిచ్చిన సంస్థా రెండూ రుసుము వేస్తాయి, స్కోరు కూడా దెబ్బతింటుంది. కాబట్టి మారిన నెలలోనే వాయిదాల ఆదేశాన్ని కొత్త ఖాతాకు మార్పించండి, అది అమల్లోకి వచ్చే వరకు పాత ఖాతాలో రెండు వాయిదాల డబ్బు ఉంచండి, చిరునామాను, ఫోను నంబరును అన్ని చోట్లా సరిచేయించండి.

పాత గదిని ఖాళీ చేసేటప్పుడు ఒప్పందంలో ఉన్న గడువు ప్రకారం వాట్సాప్‌లో గానీ కాగితం మీద గానీ ముందస్తు సమాచారం ఇచ్చి, గోడలు, కుళాయిలు, మీటరు ఫొటోలు తీసుకుని, అడ్వాన్సు చేతికి వచ్చాకే తాళం అప్పగించండి. తీరిపోయిన ప్రతి అప్పుకూ బాకీ లేదన్న పత్రం తీసుకోండి, బండి అయితే ఆర్‌సీలో రుణదాత పేరు తీయించండి. రెండు నెలల తర్వాత నివేదిక తెప్పించి, ఆ ఖాతా ఎదురుగా సెటిల్డ్ అని కాకుండా క్లోజ్డ్ అని ఉందో లేదో చూడండి. బాకీలో కొంత వదులుకుని రాజీ పడినట్లు సెటిల్డ్ అన్న నమోదు సూచిస్తుంది కాబట్టి, పూర్తిగా కట్టినా అలాగే కనిపిస్తే బాకీ లేదన్న పత్రం జతచేసి ఆ వారంలోనే సవరణకు దరఖాస్తు పెట్టండి.