ఆస్తమాకు బయలాజిక్ ఇంజెక్షన్ రాశారా? ముందు ఈ రిపోర్టులు చూసుకోండి

ఇన్‌హేలర్ రోజూ పీలుస్తున్నా ఆయాసం తగ్గక, మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వస్తున్నవాళ్ల దగ్గర డాక్టర్లు ఇప్పుడు బయలాజిక్ ఇంజెక్షన్ (వాపు తెచ్చే ఒక ప్రొటీన్‌నే గురిపెట్టి అడ్డుకునే మందు) మాట ఎత్తుతున్నారు. మంచి మందులే, కానీ ఖరీదు చాలా ఎక్కువ, పైగా నెలల తరబడి వేయించుకోవాలి, అందుకే మీ ఆస్తమాను ఏ ప్రొటీన్ నడిపిస్తోందో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

లోపల జరిగేది ఇదీ. దుమ్ములోని పురుగులో, పుప్పొడో తగలగానే శ్వాసనాళం లోపలి పొర టీఎస్ఎల్‌పీ అనే ప్రొటీన్‌ని వదులుతుంది. దాంతో ఇమ్యూన్ కణాలు ఇంటర్‌ల్యూకిన్‌లను (ఐఎల్, అంటే కణాల మధ్య సందేశాలు మోసే ప్రొటీన్లు) విడుదల చేస్తాయి. ఐఎల్-4 వల్ల అలర్జీని రేపే ఐజీఈ యాంటీబాడీలు తయారవుతాయి, ఐఎల్-13 వల్ల కఫం పెరుగుతుంది, ఐఎల్-5 వల్ల ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరిగి ఎక్కువకాలం బతుకుతాయి. ఈ ఇంజెక్షన్లలో ఒమాలిజుమాబ్ అడ్డుకునేది ఐజీఈని, మెపోలిజుమాబ్ ఐఎల్-5ని, టెజెపెలుమాబ్ టీఎస్ఎల్‌పీని. డుపిలుమాబ్ అయితే ఐఎల్-4, ఐఎల్-13 రెండూ కణం మీద అతుక్కునే చోటునే (రిసెప్టర్) మూసేస్తుంది. అందుకే పక్కింటాయనకు పనిచేసింది మీకూ పనిచేస్తుందని లేదు.

ముందుగా మీరు ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో డాక్టర్ ఎదుటే చేసి చూపించండి. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. ఇది సరిగ్గా రాకపోవడం వల్లే ఆస్తమా అదుపులో లేనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు ఇంజెక్షన్ అవసరమే రాకపోవచ్చు.

తర్వాత రక్తపరీక్షలు, ఏఈసీ (రక్తంలో ఇసినోఫిల్స్ లెక్క, మైక్రోలీటరుకు ఎన్ని అని), టోటల్ ఐజీఈ. పెద్ద డోసు ఇన్‌హేలర్ మీద ఉండి కూడా ఏఈసీ 150 దాటితే ఈ అలర్జీ తరహా వాపు ఉందని అనుమానించాలి, 300 దాటితే ఐఎల్-5ని అడ్డుకునే మందు పనిచేసే అవకాశం ఇంకా పెరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ఈ అంకె పడిపోయి రిపోర్టు నార్మల్‌గా కనిపిస్తుంది, కాబట్టి ఆ సంగతి తప్పకుండా చెప్పండి (టెస్టు కోసమని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, ప్రమాదం). కడుపులో నులిపురుగులున్నా ఏఈసీ, ఐజీఈ రెండూ పెరుగుతాయి, మన దగ్గర ఇది అరుదేం కాదు, ఆ పరీక్ష గురించి కూడా అడగండి.

ఒమాలిజుమాబ్ డోసు బరువునీ, మొదలుపెట్టకముందున్న ఐజీఈనీ బట్టి లెక్కిస్తారు. మొదలయ్యాక టోటల్ ఐజీఈ పెరిగినట్టు కనిపిస్తుంది, మందుతో అతుక్కున్నది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి టెన్షన్ పడి మానేయకండి.

ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ) లేదా ఎగ్జిమా (దురదతో వచ్చే చర్మవ్యాధి) కూడా ఉంటే డుపిలుమాబ్ గురించి ప్రత్యేకంగా అడగండి. ఏ ఇంజెక్షనైనా కనీసం నాలుగు నెలలు చూసి తేల్చుకోవాలి, ఆ నాలుగు నెలలూ ఇన్‌హేలర్ మాత్రం ఆపకూడదు.