కడప ఎండకు నిలిచిన పెరడు

మా పెరడంతా గులకరాళ్లే. నర్సరీ గులాబీలు, క్రోటన్లు ఏప్రిల్ దాటేసరికి మాడిపోయేవి. అందుకే వాటిని తీసేసి తంగేడు పెట్టాను. గింజ పైపొర చాలా గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి నేరుగా నేలలోనే విత్తాను. తల్లివేరు లోతుకు దిగే మొక్కను కుండీలో పెంచి మార్చడం నాకు నచ్చదు. మొదటి వేసవిలో మాత్రం నీళ్లు పోయాల్సిందే.

గోడ వారన నల్లేరు కణుపులు గుచ్చాను. లేత కాడలు పచ్చడికి బాగుంటాయి. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోవాలి, లేకుంటే దురద. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు పరిచాను.

నడవడానికి కడప బండ ముక్కలు. ఆ నలుపు మీద తెల్లరంగుతో మెలికల ముగ్గు ఎంత అందమో! బండ ఎండకు కాలిపోతుంది కాబట్టి మొక్కకు జానెడు దూరం ఉంచండి. తడి పూర్తిగా ఆరాకే రంగు వేయండి.