లోడు పడితే స్పిండిల్ నీరసిస్తోందా? డ్రైవ్ ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి

పాత లేత్‌కి కొత్తగా డ్రైవ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు పెంచే, తగ్గించే పెట్టె) పెట్టించుకున్న షెడ్డుల్లో తరచూ వినే ఫిర్యాదు ఇది. ఖాళీగా తిరిగేటప్పుడు స్పీడు బాగానే ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల కట్ పడగానే స్పిండిల్ మూలుగుతుంది. వెంటనే ఎవరో ఒకరు కీప్యాడ్ పట్టుకుని నంబర్లు మార్చేస్తుంటారు. ప్రమాదాలు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి.

అసలు స్పీడు ఎక్కడ పడిపోతోందో ముందు తేల్చుకోవాలి. మెషిన్ ఆపి మోటారు పుల్లీకీ, స్పిండిల్ కొసన జాబ్‌ని పట్టుకునే చక్‌కీ రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. కట్ నడుస్తుండగా కాస్త దూరంగా నిలబడి రెండింటి స్పీడునీ టాకోమీటర్‌తో కొలవండి. మోటారు నిలకడగా ఉండి స్పిండిల్ ఒక్కటే తగ్గితే బెల్టు జారుతున్నట్టే. దానికి బెల్టు బిగించాలి, లేదా మార్చాలి. డ్రైవ్‌లో ఏ సెట్టింగూ పనిచేయదు.

మోటారే తగ్గుతోందంటే అది స్లిప్, అంటే లెక్క ప్రకారం తిరగాల్సిన స్పీడుకీ అసలు స్పీడుకీ ఉన్న తేడా. నాలుగు పోల్స్ మోటారు 50 హెర్ట్జ్ దగ్గర లెక్కకు నిమిషానికి 1500 సార్లు తిరగాలి, నేమ్‌ప్లేట్ మీద మాత్రం 1440 అని ఉంటుంది. నిండు లోడులో ఆ 60 తగ్గుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 10 హెర్ట్జ్‌కి దించినా అదే లోడుకి దాదాపు అదే 60 పోతుంది. కానీ అక్కడ మొత్తం ఉన్నదే 300, అంటే అయిదో వంతు పోయినట్టు. తక్కువ స్పీడులో మెషిన్ నీరసంగా అనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. స్లిప్ కాంపెన్సేషన్ (తగ్గినంత స్పీడును డ్రైవ్ కలిపి ఇవ్వడం) కానీ వెక్టర్ మోడ్ (మోటారు టార్క్‌ని డ్రైవ్ లెక్కగట్టి నడపడం) కానీ కావాల్సింది అందుకే. టార్క్ బూస్ట్ (తక్కువ స్పీడులో అదనంగా ఇచ్చే వోల్టేజి) ఎడాపెడా పెంచితే లోడు లేకుండానే మోటారు వేడెక్కుతుంది.

ప్యానెల్ తెరిచే ముందు ఒక్క మాట. మెయిన్స్ ఆపాక డిస్‌ప్లే ఆరిపోయినా, లోపలి కెపాసిటర్లలో చార్జి మాత్రం ఇంకా ఉండొచ్చు. 415 వోల్టుల సప్లైకి ఆ కెపాసిటర్లున్న డీసీ లైను (డీసీ బస్) మీద 580 వోల్టులకు పైనే నిలుస్తుంది. మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కూడా డీసీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టి చూశాకే చేయి పెట్టండి. మోటారుకి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేయాలనుకుంటే డ్రైవ్ నుంచి వైర్లు పూర్తిగా విప్పేయండి, లేదంటే డ్రైవ్ కాలిపోతుంది.

నేమ్‌ప్లేట్ మీది వోల్టులు, ఆంపియర్లు, ఆర్‌పీఎం ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి. స్టార్, డెల్టా (మోటారు వైండింగ్‌ని కలిపే రెండు పద్ధతులు) ఒక్కోదానికి వేరే ఆంపియర్లు రాసి ఉంటే, టెర్మినల్ బాక్స్ తెరిచి కనెక్షన్ చూసి మరీ రాయండి.

ఇక ఆటో ట్యూనింగ్, అంటే మోటారు లక్షణాలను డ్రైవ్ తానే కొలుచుకోవడం. ఇది రెండు రకాలు, ఒకటి మోటారును కదపకుండా కొలుస్తుంది, ఇంకొకటి తిప్పి కొలుస్తుంది. తిప్పే రకంలో రన్ నొక్కాక స్పీడు మీ చేతిలో ఉండదు, డ్రైవ్ తనంతట తానే చాలా ఎక్కువకి పెంచేస్తుంది. మా షెడ్డులో ఒకసారి బెల్టు తీయకుండా, చక్‌లో పొడవాటి రాడ్డు ఉండగానే నేను రన్ నొక్కాను. వెనక స్పిండిల్ బోరులోంచి బయటికున్న కొస క్షణాల్లో వంగి కొరడాలా తిరిగింది. ఆ వైపు మనిషి లేడు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి బెల్టు విప్పి నా చేతిలో పట్టుకున్నాకే ఆ బటన్ నొక్కుతున్నాను.

బెల్టు మళ్లీ వేసే ముందు గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి హద్దు పెట్టండి. చక్ మీద చెక్కిన ఆర్‌పీఎం దాటకుండా పుల్లీ నిష్పత్తితో లెక్క కట్టుకోండి. స్పీడు పెరిగేకొద్దీ చక్ దవడల పట్టు సడలుతుంది.

వెక్టర్ మోడ్‌లో స్పీడు గెయిన్‌ని (స్పీడు తగ్గితే డ్రైవ్ ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగు) కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతిసారీ చిన్న కట్ వేసి చూడండి. గెయిన్ చాలకపోతే స్పీడు పడి, నెమ్మదిగా లేస్తుంది. ఎక్కువైతే మోటారు బుర్రుమంటూ ఊగుతుంది, జాబ్ మీద అలలు కనిపిస్తాయి. ఊగడం మొదలైన చోటినుంచి బాగా వెనక్కి రండి. ఇంటిగ్రల్ టైమ్ (మిగిలిన తేడాను సరిదిద్దడానికి డ్రైవ్ తీసుకునే సమయం) మరీ తగ్గిస్తే టూల్ తీయగానే స్పీడు ఎగిరిపోతుంది. ఎన్‌కోడర్ (మోటారు తిరుగుడు కొలిచి డ్రైవ్‌కి చెప్పే సెన్సర్) ఉంటే ముందు దాని దిశ సరిచూడండి. తిరగబడి ఉంటే మోటారు అదుపు తప్పుతుంది. గ్లవ్స్, మెడలో ఐడీ ట్యాగు ఉండకూడదు. హెల్పర్ ఒకరు ఎమర్జెన్సీ స్టాప్ దగ్గరే ఉండాలి.

స్పీడు నిలబడిందని రోజంతా 10 హెర్ట్జ్‌లో లాగించకండి. మోటారు వెనక ఫ్యాన్ కూడా అంతే నెమ్మదిగా తిరుగుతుంది, గాలి చాలదు. విడిగా బ్లోవర్ పెట్టించండి, లేదా పుల్లీ మార్చి మోటారు వేగంగా తిరిగేలా చూడండి.

చివరగా ఆటో రీస్టార్ట్ (కరెంటు తిరిగి రాగానే మెషిన్ తనంతట తానే తిరగడం) ఆపేసి ఉందో లేదో చూడండి. కరెంటు పోయినప్పుడు జాబ్ విప్పడానికి చక్‌లో కీ పెట్టిన మనిషి, కరెంటు వచ్చేసరికి అక్కడే ఉంటాడు.