రక్తం కక్కుతున్న పేషెంట్: ఐసీయూ నర్సు ముందు చూడాల్సినవి

చెన్నైలో మా ఐసీయూకి నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. కొత్తగా చేరిన నర్సులకి నేను గట్టిగా చెప్పేదొకటే: బీపీ పడేదాకా ఆగకండి. లోపల రక్తం పోతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లకి పల్స్ పెరగకపోవచ్చు. మొదటి హిమోగ్లోబిన్ రిపోర్టు బాగానే ఉన్నా ధీమా పడొద్దు, రక్తం పోయిన వెంటనే అది తగ్గదు.

"విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందా పెద్దమ్మా?" అని తెలుగులోనే అడగండి; కడుపులో రక్తం పోతే అలా అవుతుంది. సిగ్గుపడి వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఐరన్ మాత్రలతోనూ నల్లగా అవుతుంది, అదీ కనుక్కోండి.

రక్తం కక్కుతుంటే డాక్టర్‌ని పిలుస్తూనే ఎడమ పక్కకు తిప్పండి, సక్షన్ (నోట్లోది లాగేసే యంత్రం) అందుబాటులో పెట్టి ఆక్సిజన్ ఇవ్వండి. 16 లేదా 18 గేజ్ క్యాన్యులాలు (నరంలో పెట్టే సన్నని గొట్టాలు) రెండు పెట్టి, క్రాస్‌మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం సరిపడుతుందో చూసే పరీక్షకి) రక్తం పంపండి. నోటితో ఏమీ ఇవ్వొద్దు. కక్కింది పారబోసే ముందు ఎంతో కొలిచి, రంగుతో సహా రాయండి.