మన బండి, మన చేతులు – 7వ పాఠం: బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ద్రవం ఎంచుకోవడం

గత పాఠంలో బ్రేకులను పరీక్షించడం వరకే చెప్పి ఆపాను. అయినా కొందరు ఆగలేక ప్యాడ్లు కూడా మార్చేశారు, వారిలో పలువురికి ఒకే నష్టం జరిగింది. కొత్త ప్యాడ్లకు చోటు చేయడానికి క్యాలిపర్ (చక్రంతో తిరిగే డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) పిస్టన్‌ను వెనక్కి నొక్కగానే, బానెట్ కింద ఉండే బ్రేకు ద్రవం డబ్బాలోంచి ద్రవం పొంగి పక్కనున్న పెయింటు మీద పడింది. తప్పులో సగం నాది. డబ్బాలో మట్టం చూడమన్నానే కాని, తగ్గి ఉంటే వెంటనే పోయవద్దని చెప్పలేదు.

ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనుక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ద్రవం దిగుతుంది. అందుచేత ఎక్కడా కారకుండా మట్టం నెమ్మదిగా తగ్గుతున్నదంటే ప్యాడ్లు అరిగాయని అర్థం. అది చూసి పై గీత వరకు పోసి, ఆ తరువాత పిస్టన్‌ను నొక్కితే దిగిన ద్రవమంతా తిరిగి పైకి వస్తుంది. వారం పది రోజులలోనే మట్టం పడిపోతే మాత్రం అది అరుగుదల కాదు, కారడమే. చక్రాల లోపలి వైపు తడి ఉన్నదేమో వెతకండి. పెయింటు మీద పడిన ద్రవాన్ని గుడ్డతో రుద్దకుండా వెంటనే ధారాళంగా నీళ్లు పోసి కడగాలి, ఆలస్యమైతే పెయింటు ఉబ్బి ఊడిపోతుంది.

ఇక ఎంపికకు వద్దాం. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా దుకాణంలో బండి పేరు మాత్రమే చెప్పి ప్యాడ్లు అడగకండి. ఒకే మోడల్‌లో తయారైన సంవత్సరాన్ని బట్టి, వేరియంట్‌ను బట్టి క్యాలిపర్లు మారుతుంటాయి. నేను పాత ప్యాడ్‌ను విప్పి చేత్తో పట్టుకుని వెళ్లి, దుకాణంలోనే కొత్తదాని వీపుకు దాని వీపును ఆనించి, చెవులు, గాడులు సరిపోయాయో లేదో చూసుకున్నాకే డబ్బు ఇస్తాను. ఒకసారి ఆ పని చేయకుండా ప్యాడ్ల అట్టపెట్టె మీది పేరును నమ్మినందుకు, చెవి కొద్దిగా పొడవున్న ప్యాడ్లతో ఇంటికి వచ్చి, సాయంత్రమంతా జాకీ మీద నిలిపిన కారును చూస్తూ కూర్చున్నాను.

చాలా ప్యాడ్ల అంచున రెండక్షరాల కోడ్ అచ్చువేసి ఉంటుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండవది బాగా వేడెక్కినప్పుడు ఉండే ఘర్షణ గుణకాన్ని, అంటే ప్యాడ్ డిస్క్‌ను ఎంత గట్టిగా పట్టగలదో తెలుపుతాయి: ‘ఇ’ అయితే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అయితే 0.35 నుంచి 0.45, ‘జి’ అయితే 0.45 నుంచి 0.55. మన్నికను గురించి ఆ అక్షరాలు ఏమీ చెప్పవు. కంపెనీ అమర్చిన ప్యాడ్ల మీద ఏ కోడ్ ఉన్నదో అదే తీసుకోవడం నా పద్ధతి. ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలన్నది మీకు తెలిసినదే. డిస్క్ విషయంలో దాని మీదనే చెక్కి ఉన్న కనిష్ఠ మందాన్ని చూసి, అంతకన్నా పలచబడితే జతగా మార్చండి.

ద్రవానికి వస్తే, బానెట్ కింది డబ్బా మూత మీద ఏది వ్రాసి ఉంటే అదే. డాట్ అన్నది బ్రేకు ద్రవాల రకాన్ని తెలిపే ప్రమాణం. డాట్ 3కి కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కు 230. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి, సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితికి నిర్ణయించిన కనీస మరుగు స్థానాలు వరుసగా 140, 155 డిగ్రీలు మాత్రమే. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డులో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలుంచి దిగేవారి బండిలో ఇలాంటి పాత ద్రవం మరిగితే, ఆవిరి బుడగలు నలిగి పెడల్ మెత్తగా కిందికి దిగుతుంది, బండి మాత్రం ఆగదు. కనుక రెండేళ్లకొకసారి మార్చండి. చిన్న సీసానే కొనండి, మూత తీసి నెలల తరబడి అలమరలో పెట్టినదాన్ని వాడకండి. డాట్ 5 సిలికాన్ ద్రవం, అది వీటితో కలవదు. అంకె పెద్దదని కొనవద్దు.

నన్ను అన్నిటికన్నా విసిగించేది ‘బ్రేక్ ఆయిల్’ అనే మాట. దుకాణంలో అందరం అలాగే అంటాం, నేనూ అంటాను. కాని సాధారణంగా మన కార్లలో ఉండేది ఆయిలు కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. ఆ వ్యవస్థలోని రబ్బరు వాషర్లను దానికి తట్టుకునే ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు, ఆ రబ్బరుకు పెట్రోలియం నూనె శత్రువు. ఆయిలే కదా అని ఇంజన్ ఆయిల్ పోసినవారున్నారు, స్టీరింగ్ ఆయిల్ పోసినవారున్నారు. పోయకపోయినా, ఇంజన్ ఆయిల్ పోసిన గరాటునే తుడిచి వాడినవారున్నారు. క్యాలిపర్ పిన్నులకు చక్రం బేరింగుల గ్రీజు పూసినవారూ ఉన్నారు. అక్కడ సిలికాన్ గ్రీజు వాడాలి. నూనె తగిలిన వాషర్ ఉబ్బుతుంది, పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు పట్టుకునే ఉండి చక్రం కాలిపోతుంది. అప్పుడు ద్రవాన్ని మార్చి ఊరుకుంటే చాలదు. వ్యవస్థనంతా కడిగి, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ద్రవాన్ని తోసే భాగం) కిట్ మొదలుకొని గొట్టాల వరకు, నూనె తగిలిన ప్రతి రబ్బరు భాగాన్నీ మార్చవలసి వస్తుంది. బ్రేకు ద్రవానికి ఒక గరాటును వేరుగా ఉంచి, దాని మీద రంగు పూసి పెట్టుకోండి.

అభ్యాసం: మెకానిక్ దగ్గర పారేసిన వీల్ సిలిండర్ (డ్రమ్ బ్రేకులో చక్రం దగ్గర ఉండే సిలిండర్) వాషర్లు రెండు, ఒకే కొలతవి, అడిగి తెచ్చుకోండి. వాటి వ్యాసాన్ని వెర్నియర్ కొలత పరికరంతో కొలిచి వ్రాసుకుని, ఒకదాన్ని బ్రేకు ద్రవంలో, మరొకదాన్ని ఇంజన్ ఆయిల్‌లో, మూత ఉన్న గాజు సీసాలలో మూడు రోజులు ఉంచండి. రోజూ ఉదయం తీసి, తుడిచి, కొలిచి, అంకెలను వరుసగా వ్రాయండి. అదే కాగితం మీద మీ డబ్బా మూత మీది మాటలను, ప్యాడ్ల అంచు కోడ్‌ను, డిస్క్ మీది కనిష్ఠ మందాన్ని ఎక్కించండి. వచ్చే పాఠంలో గొట్టాలలోని గాలి తీయడం నేర్చుకునేటప్పుడు ఆ కాగితం మీ ఎదురుగా ఉండాలి.